పాటకు స్వామి యెవ్వరు? — స్వతంత్ర కళాకారుల సంగీతస్వామ్య విచారము

బెంగుళూరు నగరపు పాతపేటలలో బళేపేట యొకటి. కన్నడమున 'బళె' యనగా గాజు. గాజుల వర్తకమును బట్టి ఈ పేటకు ఆ పేరు కలిగినదని వ్యవహారము. 1537 ప్రాంతమున కెంపేగౌడ ప్రభువు స్థాపించిన నగరమునకు ఈ పేటలే మూలస్థానములు. ఆ ప్రభువు తెలుగున 'గంగాగౌరీవిలాస'మను యక్షగానమును రచించెనని ప్రతీతి. కావున ఈ పేటల గాలికి తెలుగు పాట క్రొత్తది కాదు. నేడు బళేపేట పట్టువస్త్రములకు ఎంత ప్రసిద్ధమో, సంగీతవాద్యములకును అంత ప్రసిద్ధము. వీణ, తంబుర, మృదంగము, తబలా, హార్మోనియము మొదలగు వాద్యములు ఆ యంగళ్లలో వరుసగా కానవచ్చును. సంగీతము నభ్యసించు బాలిక తండ్రితో గూడి వచ్చి తన మొదటి వాద్యమును కొనిపోవు చోటు అది.

ఆ యంగడిలో వీణను కొన్నవాడు మూల్యము చెల్లించును, రసీదు పుచ్చుకొనును. అంతటితో ఆ వీణ అతనిదగును. అమ్మిన వర్తకుడు మఱునాడు వచ్చి, దానిపై ఏ రాగము వాయించితివని యడుగడు, భాగమును కోరడు. వీణ యొక వస్తువు. వస్తుస్వామ్యము ఒక్క చేతినుండి ఒక్క చేతికి మాఱును. కాని ఆ వీణపై పుట్టిన పాట యట్టిది కాదు. పాట నొకరికిచ్చినను ఇచ్చినవాని యొద్ద నిలిచియుండును. వేయిమందికి ఒకేసారి చేరగలదు. దానిలో ఒకరికి మించిన స్వాములుండవచ్చును. ఈ భేదమును గుర్తింపకయే పెక్కుమంది కళాకారులు, వీణను అమ్మినట్లు పాటను అమ్మి, పిమ్మట చింతించుచున్నారు. ఏ సంస్థకును కట్టుబడక తన ధనముతో తానే పాటను ముద్రించుకొని అంతర్జాలమున విడుదల చేయు స్వతంత్ర కళాకారునికి ఈ విషయము మఱింత ముఖ్యము. ఏలయన, అతని పక్షమున ఒప్పందమును చదువు వేఱొకడు లేడు.

ఒక పాటలో నాలుగు స్వామ్యములు

భారత కాపీరైటు చట్టము దృష్టిలో పాట యనునది ఏకవస్తువు కాదు. మాటలు సాహిత్యకృతి, వాని స్వామి కవి. స్వరరచన సంగీతకృతి, దాని స్వామి స్వరకర్త. ఈ రెండును కలిసి ధ్వనిముద్రణమైనప్పుడు ఆ ముద్రణము మూడవ స్వామ్యమగును. దాని స్వామి నిర్మాత. పాడిన గాయకునికిని, వాయించిన వాద్యకారునికిని ప్రదర్శకహక్కు అను నాలుగవది కలదు.

ఒక యుదాహరణము చూడవచ్చును. ఒక కవి గేయమును వ్రాసెను. అతని మిత్రుడు దానికి వరుస కట్టెను. ఒక గాయని పాడెను. ముగ్గురును కలిసి గంటల లెక్కను అద్దెకు దీసికొన్న స్టూడియోలో దానిని ముద్రించిరి. ఒక చలనచిత్రసంస్థ ఆ పాటను తన చిత్రమున వాడుకొనగోరినచో, గాయని యొక్కతె సమ్మతించిన చాలదు. మాటలకు కవి యనుమతియు, వరుసకు స్వరకర్త యనుమతియు, ముద్రణమునకు నిర్మాత యనుమతియు కావలయును. వీరిలో ఏ యొక్కరి సమ్మతి లేకున్నను వాడుక చట్టవిరుద్ధమగును.

ఇందు నిర్మాత యెవ్వరు? ముద్రణమునకు పూనుకొని, దాని బాధ్యతను వహించినవాడే నిర్మాతయని చట్టనిర్వచనము. కావున అద్దె పుచ్చుకొని గదిని, యంత్రములను ఇచ్చిన స్టూడియో యజమాని అంతమాత్రమున ముద్రణస్వామి కాడు. వెచ్చమును భరించి పని చేయించిన కళాకారుడే నిర్మాత. అయితే స్టూడియోవారిచ్చు రసీదు వెనుక వేఱు షరతు లేవైన నున్నవేమో చదువుకొనవలయును. అట్లే, పక్కవాద్యమును కూర్చినవాడు క్రొత్త స్వరభాగమును కల్పించి అది విడదీయరాని విధముగా కలిసిపోయినచో, అతడు సహకర్త యగుట కవకాశము కలదు. కనుక ఎవరి పాలెంతయో పాట విడుదలకు ముందే వ్రాసికొనుట మేలు. మైత్రి చల్లారిన తరువాత వ్రాయబూనిన భాగపత్రము వ్యాజ్యమునకు దారి తీయును.

చట్టము నడచిన దారి

మన దేశమున 1914 నాటి చట్టము ఆంగ్లదేశపు 1911 శాసనము ననుసరించినది. స్వాతంత్ర్యానంతరము 1957లో క్రొత్త చట్టము వెలువడి 1958 జనవరి 21 నుండి అమలునకు వచ్చెను. దానిలో సంగీతకృతికి ఇచ్చిన నిర్వచనము విచిత్రమైనది. అచ్చుపడినదో, వ్రాయబడినదో, గీతరూపమున నిలుపబడినదో యైన స్వరసంయోగమునకే రక్షణ. గురుముఖమున నేర్చి, మనోధర్మమున పెంచి, కాగితము నంటక నడచు కర్ణాటక సంగీతమునకు ఆ నిర్వచనము ఎంత మాత్రము సరిపోలేదు. గాయకునికి హక్కే లేకపోయెను.

1977లో భారత ప్రదర్శనహక్కుల సంఘమునకును తూర్పు భారత చలనచిత్ర సంఘమునకును జరిగిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. చిత్రనిర్మాత ప్రతిఫలమిచ్చి పాట చేయించుకొన్నచో, వేఱు ఒప్పందము లేనియెడల, దాని ప్రథమస్వామ్యము నిర్మాతదే యని ఆ తీర్పు సారము. అదే తీర్పున జస్టిస్ కృష్ణయ్యరు, పాటకు ప్రాణము పోయు గాయకునికి చట్టమున చోటు లేకుండుటను ఎత్తిచూపి, శాసనకర్తల దృష్టి నటు మరల్చెను.

ఫలము నెమ్మదిగా వచ్చెను. 1994 సవరణముచే సంగీతకృతి నిర్వచనము మాఱి, వ్రాతలో నుండితీరవలెనను నియమము తొలగెను. ప్రదర్శకహక్కు తొలిసారి యేర్పడెను. ఇవి 1995 మే 10 నుండి అమలునకు వచ్చినవి. ప్రదర్శకహక్కు కాలము మొదట 25 సంవత్సరములు. 1999లో 50 సంవత్సరములైనది. 2012 సవరణము జూన్ 21 నుండి అమలై, కవికిని స్వరకర్తకును రాయల్టీలలో సమభాగమును స్థిరపఱచినది.

అమ్మకము వేఱు, అనుమతి వేఱు

ఈ విషయమంతటిలో ప్రధానమైన భేదమిది. హక్కును బదిలీ చేయుట ఇల్లు అమ్ముట వంటిది; లైసెన్సు ఇచ్చుట ఇల్లు అద్దెకిచ్చుట వంటిది. అద్దెకిచ్చినవాడు గడువు ముగిసిన పిదప తన యింట మఱల ప్రవేశించును. అమ్మినవాడు వీధిలో నిలుచును. ఒప్పందమున నున్న పదములు ఈ రెంటిలో దేనికి చెందినవో తెలిసికొనక సంతకము చేయరాదు.

లైసెన్సులోను రెండు తెఱగులు కలవు. ఒక్కనికే ఇచ్చునది ఏకాధికార లైసెన్సు. అది యమలులో నున్నంతకాలము స్వామి సైతము ఆ హక్కును వాడరాదు. పలువురికి ఇయ్యదగినది సాధారణ లైసెన్సు. ఒక ప్రకటనలో పాటను ఆఱు నెలలు వాడుకొనుటకు వచ్చినవారికి సాధారణ లైసెన్సు చాలును. ఏకాధికారమును కోరినచో మూల్యము అందుకు తగియుండవలయును.

చట్టము కళాకారునికి కొన్ని కంచెలు కట్టినది. బదిలీ వ్రాతమూలముగా, సంతకముతో నుండినగాని చెల్లదు, నోటిమాట చాలదు. ఏ కృతి, ఏ హక్కులు, ఎంతకాలము, ఏ ప్రదేశము, ఎంత రాయల్టీ యను విషయములు పత్రమున నుండవలయును. కాలము చెప్పనిచో 5 సంవత్సరములని భావింపబడును. ప్రదేశము చెప్పనిచో భారతదేశ మంతటికే పరిమితము. పుచ్చుకొన్నవాడు ఒక సంవత్సరములోపల ఆ హక్కును వినియోగింపనిచో, పత్రమున వేఱుగా లేనియెడల, ఆ బదిలీ తొలగిపోవును. బదిలీ నాటికి పుట్టని మాధ్యమమునకు, పత్రమున ప్రత్యేకముగా పేర్కొననిచో, బదిలీ వర్తింపదు. ఈ నియమములు తగిన మార్పులతో లైసెన్సులకును వర్తించును.

ఈ కంచెలలో పెక్కింటికి ఒక ద్వారము కలదు. 'వేఱుగా పేర్కొననియెడల' అను మాటయే ఆ ద్వారము. సిద్ధపఱచిన పత్రములతో వచ్చువారు సామాన్యముగా శాశ్వతముగా, సర్వదేశములందు, సర్వమాధ్యమములందు అని ముందే వ్రాసికొని వత్తురు. అట్టి పత్రముపై సంతకము పడినచో, చట్టము మౌనస్థలమున కల్పించిన 5 సంవత్సరముల రక్షణ నిరుపయోగమగును. కళాకారుని మౌనము నతనికి హితముగా చదువు చట్టము, అతని సంతకమును మాత్రము సంతకముగానే చదువును.

సంతకముచే సైతము పోని హక్కులు రెండు కలవు. మొదటిది రాయల్టీ సమభాగము. చలనచిత్రమున చేరిన పాటకు, సినిమాహాలులో చిత్రముతో గూడి ప్రదర్శించుట మినహా తక్కిన వాడుకలన్నింటికిని, చిత్రమున చేరని పాటకు ఎల్ల వాడుకలకును, వచ్చు రాయల్టీలో సమభాగమును కవియు స్వరకర్తయు వదలుకొనరాదు. వారసులకో, కాపీరైటు సంఘమునకో తప్ప దానిని బదిలీ చేయరాదు. రెండవది కర్త గౌరవహక్కు. కృతి తనదని చెప్పుకొనుటయు, తన ప్రతిష్ఠకు భంగము కలుగునట్లు దానిని వికృతము చేయువారిని నిరోధించుటయు, బదిలీ యనంతరమును కర్తకుండును. ఇట్టి గౌరవహక్కు గాయకునికిని కలదు.

ఈ రెండవ హక్కు తెలుగువారికి అపరిచితము కాదు. పెద్దన మనుచరిత్రమును కృష్ణదేవరాయల కంకిత మిచ్చినను, రాయలు కృతిభర్త మాత్రమే, కృతికర్త పెద్దనయే. వాగ్గేయకారులు తమ ముద్రను చరణమున నిలిపి, పాట ఎచ్చటికి పోయినను తమ పేరు వెంట నడచునట్లు చేసికొనిరి. నేటి చట్టము చెప్పు గౌరవహక్కు ఆ ముద్రకు శాసనరూపము.

పూర్వకృతులను పాడువారికి

కవికిని స్వరకర్తకును హక్కు జీవితకాలము, మరణానంతరము మఱి 60 సంవత్సరములు. ఈ 60 సంవత్సరములు మరణించిన మఱుసటి జనవరి 1 నుండి లెక్కింపబడును. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందెను. ఆయన కృతులు సర్వజనుల సొత్తు. మైసూరు ఆస్థానవిద్వాంసుడు వాసుదేవాచార్యుల స్థితి యంతకంటె గమనింపదగినది. పట్నం సుబ్రహ్మణ్యయ్యరు శిష్యుడై, కన్నడసీమలో నుండి తెలుగు సంస్కృతములందు కృతులు రచించిన ఆ మహానుభావుడు 1961 మేలో పరమపదించెను. 1962 జనవరి 1 నుండి 60 సంవత్సరములు లెక్కింపగా, ఆయన జీవితకాలమున ప్రకటితమైన కృతులపై హక్కు 2021 డిసెంబరు 31తో ముగిసెను. కర్త మరణానంతరము తొలిసారి ప్రకటితమైన కృతులకు మాత్రము ప్రకటనము నుండి 60 సంవత్సరములు లెక్కింపవలయును.

ఇచ్చట పలువురు పొరపడుచున్నారు. కృతి స్వేచ్ఛగా నున్నంతమాత్రమున దానికి సంబంధించిన ఎల్లయు స్వేచ్ఛ కాదు. ప్రాచీన సంకీర్తనకు ఇటీవలి విద్వాంసుడు క్రొత్త వరుస కట్టినచో ఆ వరుసకు వేఱు స్వామ్యము కలదు. ఒక గాయకుడు త్యాగరాజకృతిని పాడి ముద్రించినచో ఆ ముద్రణము వేఱు. దాని కాలము ప్రకటితమైన మఱుసటి సంవత్సరము నుండి 60 ఏండ్లు. 1960లో వెలువడిన గ్రామఫోను రికార్డుపై ముద్రణహక్కు 2020తో ముగిసినది. 1970 నాటి రికార్డుపై 2030 వఱకు నుండును. కావున త్యాగరాజకృతిని ఎవరైనను పాడి ముద్రింపవచ్చును గాని, మఱియొకరి ముద్రణము నుండి ఒక ముక్క కత్తిరించి తన పాటలో నతికించుకొనరాదు.

దీనికి విపర్యయముగా మఱియొక చిక్కు కలదు. స్వతంత్ర గాయని తన స్వంతగళముతో పాడి అంతర్జాలమున నుంచిన త్యాగరాజకృతిని, స్వరసామ్యమును బట్టి యంత్రము మఱియొక సంస్థ ముద్రణముగా భ్రమించి, దాని యాదాయము నా సంస్థకు మళ్లించుట కలదు. కృతి స్వేచ్ఛాకృతియనియు, ముద్రణము స్వంతమనియు చూపి అభ్యంతరము తెలుపుట దానికి ప్రతిక్రియ. అందులకై ముద్రణదినము, స్టూడియో రసీదు, మూలధ్వనిపత్రములు భద్రపఱచుకొనవలయును.

ఇంకను హక్కులో నున్న పాటను మఱల పాడి ముద్రింపగోరువారికి ప్రత్యేకనియమ మున్నది. మొదటి ముద్రణము జరిగిన సంవత్సరము ముగిసి 5 సంవత్సరములు గడువవలయును. ముందుగా నోటీసు నిచ్చి, ప్రతి సంవత్సరమునకు కనీసము 50,000 ప్రతులకు రాయల్టీ చెల్లింపవలయును. ఇంత భారమును మోయలేని స్వతంత్ర గాయకునికి స్వామినుండి నేరుగా అనుమతి పడయుటయే సుకరమైన మార్గము.

సభలు, సంఘములు, పరదేశములు

2017 మార్చిలో శ్రీ ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము అమెరికాలో కచేరీలు చేయుచుండగా, స్వరకర్త శ్రీ ఇళయరాజా పక్షమున న్యాయవాది నోటీసు వచ్చెను. అనుమతి లేక తన పాటలను వేదికపై పాడరాదని దాని తాత్పర్యము. బాలసుబ్రహ్మణ్యము ఆ పాటలను విడిచి తక్కిన పాటలతో పర్యటనమును సాగించెను. పాడినవాడును, పాటను కట్టినవాడును వేఱు వేఱు స్వాములని తెలుగు శ్రోతలందఱికిని తెలియవచ్చినది ఆ సందర్భముననే.

బహిరంగ ప్రదర్శనలకు స్వరకర్త ప్రతి సభకు వెళ్లి రుసుము వసూలు చేయజాలడు. అందులకే కాపీరైటు సంఘములు. 1969లో నెలకొన్న భారత ప్రదర్శనహక్కుల సంఘము 2017 నవంబరులో కేంద్రప్రభుత్వముచే మఱల నమోదు పొంది, కవులకు, స్వరకర్తలకు, ప్రచురణకర్తలకు రాయల్టీలను పంచుచున్నది. గాయకుల పక్షమున భారత గాయకహక్కుల సంఘము 2013లో నమోదైనది. తానే వ్రాసి, కట్టి, పాడు కళాకారుడు ఒకే పాటకు రెండు విధములుగా అర్హుడగును. సభ్యుడు కానివానికి సంఘము పంచదు. పేరు వ్రాయించుకొనుట అతని పని.

తెలుగు సంఘములవారు తెలియదగిన మినహాయింపులును కలవు. మతసంబంధమైన సంస్కారములందును, వివాహపు ఊరేగింపులందును, వివాహసంబంధమైన వేడుకలందును పాటలు వాడుకొనుట ఉల్లంఘనము కాదు. ఔత్సాహిక సంఘము ప్రవేశరుసుము లేని శ్రోతలకు గావించు ప్రదర్శనయు అట్టిదే. టిక్కెట్టు పెట్టిన కచేరీకి మాత్రము అనుమతి కావలయును. అమెరికా మొదలగు దేశములందు జరుగు సభలకు ఆయా దేశముల చట్టమే ప్రమాణము. అచ్చట 1914 నుండి ఆస్కాపు, 1939 నుండి బీఎంఐ యను సంఘములు ప్రదర్శనహక్కుల లైసెన్సుల నిచ్చుచున్నవి. భారతదేశము 1928 నుండి బెర్న్ ఒడంబడికలో నుండుటచే, బెంగుళూరులో పుట్టిన పాటకు ఆ దేశములందును రక్షణ కలదు.

అంతర్జాల ప్రసారము విషయమున బొంబాయి హైకోర్టు 2019లో ఒక ముఖ్యమైన తీర్పు నిచ్చినది. రేడియో, టెలివిజనులకు చట్టము కల్పించిన శాసనలైసెన్సు అంతర్జాల సంస్థలకు వర్తింపదని దాని సారము. 2022లో ద్విసభ్య ధర్మాసనము దానిని స్థిరపఱచెను. కనుక పాట కావలసిన అంతర్జాల సంస్థ స్వామితో బేరమాడవలసినదే. చిన్న కళాకారుని చేతిలో నున్న బలమిది.

పాట నిచ్చుటకు ముందు

నమోదు లేనిచో హక్కు లేదను భయము వలదు. కృతి పుట్టినప్పుడే హక్కు పుట్టును. అయినను వివాదమున నమోదుపత్రము ప్రాథమికసాక్ష్యమగును. 2013 నియమముల ననుసరించి సాహిత్య సంగీతకృతులకు 500 రూపాయలు, ధ్వనిముద్రణమునకు 2,000 రూపాయలు రుసుము. ప్రతి ముద్రణమునకు ఐఎస్ఆర్‌సీ యను పండ్రెండక్షరముల గుర్తుసంఖ్య ఉండుట యావశ్యకము. ప్రపంచమున నెచ్చట పాట వినబడినను ఆ సంఖ్య మూలముననే లెక్క స్వామిని చేరును.

ఒప్పందమును చదువునప్పుడు కొన్ని ప్రశ్నలు వేసికొనవలయును. ఇది బదిలీయా, లైసెన్సా? మాటలు, వరుస, ముద్రణము — వీనిలో దేనికి? గడువెంత? ఏ దేశములకు? మఱియొకరికి తిరిగి యిచ్చు నధికారమును వారు కోరుచున్నారా? లెక్క యెన్ని నెలల కొకసారి చూపుదురు, దానిని తనిఖీ చేయు హక్కు కలదా? ఒప్పందము ముగిసిన దినమున పాట ఎవరి చేతికి వచ్చును? పత్రము విషమమై కర్తకు దుర్భరమైనచో వాణిజ్యన్యాయస్థానమున ఫిర్యాదు చేయుట కవకాశమున్నది గాని, బదిలీ జరిగిన 5 సంవత్సరములలోపల దానిని రద్దు చేయు నుత్తరువు లభింపదు. పోయిన పాటను తిరిగి రప్పించుట కంటె, పోకుండ చూచుకొనుట సులభము.

ఇది ధనలోభమునకు సంబంధించిన మాట కాదు. కళాకారుడు గతించిన పిదప 60 సంవత్సరములు ఆ పాట అతని బిడ్డలకు ఆస్తి. ఇంటిపత్రములను పెట్టెలో భద్రపఱచు కుటుంబము, తండ్రి కట్టిన వరుసల పుస్తకమును, ఒప్పందముల ప్రతులను గూడ అదే పెట్టెలో నుంచవలయును. బళేపేట యంగడిలో వీణను కొన్నవాడు రసీదును అడిగి పుచ్చుకొని, చదివి, మడిచి దాచుకొనును. ఆ వీణపై తాను కట్టిన పాటను పరుల కిచ్చునప్పుడును అతడు అంత జాగ్రత్త వహించినచో చాలును. వీణ తీగ తెగిన మఱల కొనవచ్చును. సంతకముతో శాశ్వతముగా నిచ్చిన పాటను కొనితెచ్చుటకు ఏ పేటలోను అంగడి లేదు.